దేవుని బలం మీద ఆనుకుని నడవడం ఎలా? సోమవారం నుంచి పనికొచ్చే పద్ధతి

‘ప్రభువు మీద ఆధారపడండి’ అనే మాట వినకుండా ఏ ఆదివారమూ గడవదు. ఆమెన్ అంటాం, ఇంటికొస్తాం. సోమవారం పొద్దున్నే గ్యాసు అయిపోతుంది, పిల్లవాడి ఫీజుకు ఆఖరి తేదీ అని గుర్తొస్తుంది, మంచం మీదున్న అత్తగారు లోపలి నుంచి పిలుస్తారు. ఆ నిమిషంలో ఆధారపడడం అంటే ఏం చేయాలి? ఆ ప్రశ్నకు పనికొచ్చేవి కొన్ని వరుసగా రాస్తున్నాను. మీరు యేసుప్రభువును నమ్మినవారనీ, ఇంట్లో బైబిలు ఉందనీ అనుకుంటున్నాను. వచనం చెప్పిన చోట తెరిచి, ముందూ వెనకా కూడా చదవండి.

1. ఒక్క భారాన్ని ఎంచుకోండి

“ప్రభువా, నేను బలహీనుణ్ణి, అయోగ్యుణ్ణి” అనే ప్రార్థన మనందరికీ నోటికి వచ్చు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అలా అన్న మనిషే బయటికొచ్చి “ఈ పని నేను చూసుకుంటాలే” అంటాడు. అంతటా బలహీనుణ్ణి అని ఒప్పుకోవడం తేలిక, ఫలానా చోట నా వల్ల కావడం లేదని ఒప్పుకోవడమే కష్టం.

యెహోషాపాతు రాజు ప్రార్థన చూడండి, రెండవ దినవృత్తాంతములు 20వ అధ్యాయం. మీదికి వస్తున్నది ఎవరో పేర్లతో సహా చెప్పాడు: అమ్మోనీయులు, మోయాబీయులు, శేయీరు మన్యవాసులు. యూదావాళ్లందరూ పెళ్లాం పిల్లలతో నిలబడి వింటుండగా, “మాకు శక్తి చాలదు, ఏమి చేయుటకును మాకు తోచదు, నీవే మాకు దిక్కు” అన్నాడు. ఒక రాజు తన ప్రజల ముందు అనే మాట కాదది.

మీరు ఒక నోటుబుక్కు తీసుకుని పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు మీ చేతిలో ఉన్నవి, కుడివైపు లేనివి. పక్షవాతం వచ్చిన అమ్మను చూసుకుంటున్నారనుకోండి. వేళకు మాత్ర వేయడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, ఫిజియోథెరపీకి మనిషిని పిలిపించడం ఎడమవైపు వస్తాయి. చేతిలోకి కదలిక రావడం కుడివైపు. రాత్రి మూడోసారి పిలిచినప్పుడు విసుక్కోకుండా లేవడం? నిజాయితీగా ఉంటే అదీ కుడివైపే రాస్తారు. అనుభవంలో చాలామంది కుడివైపు గడిలో రోగాన్నీ అప్పునూ రాసి, తమ కోపాన్ని మాత్రం ఎడమవైపు పెట్టుకుంటారు, అది తమ అదుపులోనే ఉన్నట్టు.

ఒక్క భారమే రాయండి. కుటుంబం, ఉద్యోగం, సంఘం, దేశం అన్నీ ఒకేసారి పెట్టుకుంటే మళ్లీ ఆ నోటికొచ్చిన ప్రార్థనలోకే జారిపోతారు.

2. ఇప్పుడు దేనిమీద ఆనుకున్నారో పట్టుకోండి

కీడు వార్త వినగానే మనసు మొదట ఎటు పరుగెత్తుతుందో గమనించండి. తెలిసిన ఎమ్మెల్యే గారి పీఏ నంబరుకా, బ్యాంకులో ఉన్న ఎఫ్‌డీకా, “ఇంతకంటే పెద్దవే చూశాను” అనే అనుభవానికా? ఇవేవీ పాపాలు కావు. పనికొస్తే వాడుకోండి. అవి లేకపోతే నేను అయిపోయినట్టే అనిపిస్తోందా లేదా అన్నదే అసలు పరీక్ష.

వీటికంటే లోతుగా దాక్కునేది ఒకటుంది, దాని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి. మనలో చాలామంది సొంత బలం మీద ఆనుకునేది లోకపు పనుల్లో కాదు, భక్తిలో. ఎన్ని శుక్రవారాలు ఉపవాసమున్నాం, ఎన్ని రాత్రులు మేలుకుని ప్రార్థించాం, బైబిలు ఎన్నిసార్లు పూర్తి చేశాం అని లోపల ఒక లెక్క నడుస్తుంటుంది. ఆ లెక్క బాగున్న నెలలో ధైర్యంగా ఉంటాం. తప్పిన నెలలో దేవుడు దూరమైపోయాడనుకుంటాం. అంటే ఇన్నాళ్లూ నమ్మింది మన ప్రార్థననే, ప్రార్థన వినేవాడిని కాదు. చేద తాడు ఎంత పొడవో చెప్పుకుంటూ బావి సంగతి మరిచిపోయినట్టు. కొత్త సంవత్సరం వాగ్దాన కార్డును తాయెత్తులా పర్సులో పెట్టుకోవడం, ప్రార్థన నూనె సీసా అయిపోతే కంగారుపడడం కూడా ఈ కోవలోవే.

కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తలు 450 మంది తమ దేవుడు నిప్పు పంపాలని పొద్దుటి నుంచి కేకలు వేశారు, గంతులు వేశారు, కత్తులతో కోసుకున్నారు. ఏలీయా చేసిన ప్రార్థన రెండు వచనాలు, మొదటి రాజులు 18:36, 37. గంట కొట్టి కొలిచే ప్రార్థన మీద నాకు కోపం లేదు. ఉపవాసం మానమనీ అనడం లేదు. ఉపవాసం ఉన్నాను కాబట్టి ఆయన ఇచ్చి తీరాలి అనే మాట లోపల వినిపిస్తే మాత్రం ఆ రోజు అన్నం తినేసి, ఊరికే ఆయన ముందు కూర్చోండి.

ఆటోల వెనకా, పరీక్షల ముందు ప్యాడ్ల మీదా కనిపించే వచనం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. “నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను”, ఫిలిప్పీయులకు 4:13. దాన్ని గెలుపు నినాదంలా వాడుతున్నాం. పౌలు అది రాసింది బంధకాల్లో ఉండి. పై వచనంలో ఆయన చెప్పేది కడుపు నిండి ఉండడం, ఆకలిగా ఉండడం, సమృద్ధి, లేమి అనే వాటి గురించి. ఆ ‘సమస్తము’లో ర్యాంకు రావడమే కాదు, రాకపోయినా కుంగిపోకుండా ఉండడం కూడా ఉంది.

3. పని చెడ్డాక కాదు, మొదలుపెట్టకముందే అడగండి

మన అలవాటు ఏమిటంటే ముందు మనం చేసి చూస్తాం, చెడిపోయాక ప్రార్థన కోసం ఫోన్ చేస్తాం. ఈ వరుసను తిప్పండి.

నెహెమ్యా రెండవ అధ్యాయంలో రాజు “నీకేమి కావాలి” అని అడిగాడు. జవాబు చెప్పేలోపు నెహెమ్యా ప్రార్థించాడు. రాజుకు అనుమానం కూడా రాలేదంటే ఎంత చిన్న ప్రార్థనో ఊహించుకోండి. అయితే ఆ చిన్న ప్రార్థన వెనక కూలిన యెరూషలేము గోడల కోసం కిస్లేవు నెల నుంచి నీసాను నెల దాకా సుమారు నాలుగు నెలల కన్నీళ్లున్నాయి. రెండూ కావాలి: ఒకచోట కూర్చుని చేసేది, పని మధ్యలో నిలబడి చేసేది.

కూర్చుని చేసేదానికి పొద్దున ఫోన్ ముట్టుకోకముందు పది నిమిషాలు చాలు. మీ కుడివైపు గడిలో ఉన్నది చదవండి. ఇలా అడగండి: “ప్రభువా, ఇది నా వల్ల కావడం లేదు. ఈ రోజుకు కావలసినంత బలం ఇవ్వు. నేను చేయాల్సింది చేస్తాను, మిగతాది నీది.” ఈ రోజుకు అన్న మాట వదిలేయకండి. అరణ్యంలో మన్నా ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, రేపటికని దాచుకుంటే పురుగుపట్టి కంపు కొట్టింది. వచ్చే మార్చికి సరిపడా ధైర్యం ఈ రోజే కావాలని అడిగి, రాలేదని దిగులుపడేవారు చాలామంది. మార్చి బలం మార్చిలో వస్తుంది. విశ్రాంతి దినం ముందురోజు మాత్రం రెండంతలు దొరికింది, అది కూడా చూసుకోండి, నిర్గమకాండము 16.

నిలబడి చేసేదానికి గుర్తులు పెట్టుకోండి. గేటు తాళం తీసేటప్పుడు, బాస్ గదిలోకి వెళ్లేముందు, అమ్మ మూడోసారి పిలిచినప్పుడు. “ప్రభువా, సహాయం” అన్నా చాలు.

4. ఇక పని చేయండి, పూర్తిగా చేయండి

దేవుని మీద ఆనుకోవడం అంటే చేతులు ముడుచుకోవడం అని ఎవరూ నోటితో అనరు, కానీ చాలామంది అలాగే బతుకుతారు. పరీక్షకు చదవకుండా పెన్నులకు ప్రార్థన చేయించుకోవడం మనకు కొత్త కాదు.

ఒంగోలు చరిత్ర ఈ విషయంలో మనకు దగ్గరి పాఠం. నెల్లూరులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ను మూసేయాలా అని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. ఏళ్ల తరబడి కష్టపడినా నమ్మినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషన్ సేవకులైన జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం అయిదుగురు ఒంగోలు కొండ ఎక్కి ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. అలా వచ్చిన అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడింది 1866లో. పన్నెండేళ్లు! మరుసటి ఏడాది మొదటి రోజున అక్కడ సంఘం కట్టినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

1876 నుంచి 78 దాకా దక్షిణాదిని కరువు పట్టి పీడించింది. క్లౌ దొర సేవకు రాకముందు అమెరికాలో సర్వేయర్. ఆ విద్య ఇప్పుడు పనికొచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పనీ కూలీ చూపించాడు. మోకాళ్ల మీద ఉండాల్సినవాడు మట్టి లెక్కలు చూసుకుంటున్నాడేమిటి అని ఎవరైనా అనొచ్చు. అయితే ఆయన చేసిన ఇంకో పని చూడండి. కరువు సాయం నడుస్తున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం, గింజల కోసం క్రైస్తవులయ్యారనే మాట రాకూడదని. తన చేతిలో ఉన్న కాలువ పనిని గట్టిగా పట్టుకున్నాడు, తన చేతిలో లేని హృదయాల మార్పును లాగడానికి మాత్రం తన పలుకుబడి వాడలేదు. పనులు ముగిశాక జనం ఆగలేదు. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ అంకెను మన సభల్లో తరచూ వింటాం. దాని ముందున్న నెలల తరబడి ఆగడం గురించి తక్కువ వింటాం. నాకైతే ఆ ఆగడంలోనే నమ్మకం ఎక్కువ కనిపిస్తుంది.

కాబట్టి మీ ఎడమవైపు గడిలో ఉన్నవాటికి తేదీలు వేసి చేయండి. కుడివైపున్నవాటి కోసం ఎవరినీ నెట్టకండి, బెదిరించకండి, ఏడ్చి సాధించకండి. తాగే భర్తను మార్చడం భార్య చేతిలో లేదు. డీ-అడిక్షన్ కేంద్రం చిరునామా కనుక్కోవడం, ఇంటి డబ్బు జాగ్రత్త చేయడం, కొడితే పిల్లలతో సహా వేరే చోటికి వెళ్లడం ఆమె చేతిలో ఉన్నాయి. దెబ్బలు తింటూ ఉండిపోవడాన్ని దేవుని మీద ఆనుకోవడం అని ఎవరు చెప్పినా నమ్మవద్దు.

మందుల సంగతి విడిగా చెప్పాలి. బీపీ మాత్ర, ఇన్సులిన్, టీబీ కోర్సు, మానసిక వైద్యుడు రాసిన మందు, ఇవేవీ డాక్టరును అడగకుండా ఆపకండి. ‘విశ్వాసముంటే మందులెందుకు’ అని వేదిక మీద నుంచి అన్నా సరే, ఆపకండి. హిజ్కియా రాజుకు పదిహేనేళ్ల ఆయుష్షు పెంచుతానని దేవుడే మాటిచ్చాడు, అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా చెప్పాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు.

5. తినండి, పడుకోండి

కర్మెలు మీద అంత గెలిచిన ఏలీయా కొన్ని రోజులకే చచ్చిపోతానంటూ బదరీ చెట్టు కింద పడుకున్నాడు. దేవదూత గద్దించలేదు, ప్రసంగించలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పమూ నీళ్లూ చూపించాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినిపించాడు. నిద్రలేమిని ఆత్మీయ పోరాటం అనుకునేవారు మొదటి రాజులు 19 చదివి, రాత్రి పదింటికి దీపం ఆర్పేయండి.

6. ఇద్దరి చేతులు తీసుకోండి

“నాకు ప్రభువు చాలు, మనుషులెవరూ అక్కర్లేదు.” వినడానికి గొప్ప భక్తిలా ఉంటుంది. చాలాసార్లు దాని కింద ఉన్నది పరువు. ఇంటి సంగతి నలుగురికీ తెలుస్తుందన్న భయం. ఇందాక చెప్పిన ఫిలిప్పీయులకు 4:13 తర్వాతి వచనం ఎప్పుడైనా చూశారా? సమస్తమును చేయగలను అన్న వెంటనే, నా శ్రమలో మీరు పాలుపుచ్చుకోవడం మంచి పని అంటూ ఫిలిప్పీ సంఘం పంపిన సాయానికి కృతజ్ఞత చెబుతున్నాడు పౌలు. అమాలేకీయులతో యుద్ధంలో మోషే చేతులు బరువెక్కితే కూర్చోడానికి రాయి వేసి, అహరోను ఒక పక్కా హూరు ఒక పక్కా సూర్యాస్తమయం దాకా పట్టుకున్నారు. దేవుని బలం ఆ రోజు ఇద్దరు మనుషుల భుజాల గుండా వచ్చింది.

ఇద్దరిని ఎంచుకోండి, సంఘమంతటికీ చెప్పనక్కర్లేదు. విన్నది ప్రార్థన మనవి పేరుతో వాట్సాప్ గ్రూపులో పెట్టేవారిని పక్కన పెట్టండి. ఆడవారు ఆడవారినే ఎంచుకోవడం మంచిది. వారితో మూడు విషయాలు తేల్చుకోండి: ఎప్పుడు మాట్లాడుకుంటాం, ఏది బయటికి పోకూడదు, నేను అబద్ధం చెబుతున్నట్టు అనిపిస్తే నువ్వు అడగాలి. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి దగ్గరలో తెలుగు సంఘం లేనివారు ఆదివారం రాత్రి ఒక ఫోన్ కాల్ పెట్టుకున్నా సరిపోతుంది.

పాస్టర్లకూ పాస్టరమ్మలకూ ఇది రెండింతలు అవసరం. ఊరందరి భారాలూ విని, తమవి చెప్పుకునే చోటు లేక నలిగిపోయేవారు వారే. నిర్గమకాండము 18లో మామ యిత్రో వచ్చి, ఇలా చేస్తే నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అని మోషేకు ముఖం మీదే చెప్పాడు. దేవునితో ముఖాముఖి మాట్లాడిన మనిషి మామ సలహా విని పని పంచిపెట్టాడు.

7. బలం వచ్చినట్టే అనిపించకపోతే

వారాలు గడుస్తాయి. ఏమీ మారినట్టు ఉండదు. ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు, కాబట్టి ముందే తెలుసుకోండి: బలం అంటే ఒళ్లు జలదరించడం కాదు. పౌలు తన శరీరంలో ముల్లులా బాధించేదాన్ని తీసేయమని ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. “నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది” అనే జవాబు వచ్చింది. అంటే బలహీనత పోయాక శక్తి రావడం కాదు. ఆ ముల్లు ఏమిటో కూడా మనకు చెప్పలేదు, అదీ మేలే. చెప్పి ఉంటే ఆ ఒక్క జబ్బు ఉన్నవారే ఆ వచనం చదువుకునేవారు.

నెలకోసారి నోటుబుక్కు తెరిచి కుడివైపు గడి చూడండి. పరిస్థితి మారిందా అని ఒకసారి, ఆ పరిస్థితిలో మీరు ఎలా ఉన్నారు అని ఇంకోసారి అడగండి. అమ్మ చెయ్యి కదలకపోవచ్చు. కానీ రాత్రి మూడోసారి లేచినప్పుడు విసుగు తగ్గి ఉంటే అది రాసి పెట్టుకోండి, మీ వల్ల కాదని మీరే రాసుకున్నది కదా అది. ఏమీ తగ్గకపోతే అదీ రాసి, ఆ పేజీ మీ ఇద్దరికీ చదివి వినిపించండి. “నీకు విశ్వాసం తక్కువ” అనే మనిషి ఎదురైతే గొడవపడకుండా వేరే బెంచీ మీద కూర్చోండి. ఆసియా అనే ప్రాంతంలో వచ్చిన శ్రమలో, బ్రదుకుతామన్న ఆశ కూడా పోయేంతగా కుంగిపోయామని పౌలు రెండవ కొరింథీయులకు 1:8లో రాశాడు, ఆయనకు విశ్వాసం తక్కువని ఎవరూ అనరు. బతకాలని లేదు అనే ఆలోచన మీకు పదేపదే వస్తుంటే మాత్రం నెల దాకా ఆగకుండా ఆ రోజే ఇంట్లోవారికి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

8. బాగైపోయాక ఇంకా జాగ్రత్త

గిద్యోను 32,000 మందితో బయలుదేరి, దేవుడు తగ్గించగా 300 మందితో గెలిచాడని అందరికీ తెలుసు. మా బాహుబలమే మమ్మల్ని రక్షించిందని వాళ్లు అనుకోకూడదనే ఆ తగ్గింపు. దాని తర్వాతి అధ్యాయం చివర మాత్రం ప్రసంగాల్లోకి రాదు. గెలిచాక గిద్యోను ‘నేను మిమ్మల్ని ఏలను, యెహోవాయే ఏలుతాడు’ అని బాగానే అన్నాడు. ఆ వెంటనే దోపుడు సొమ్ములోంచి 1,700 తులముల బంగారు పోగులు అడిగి తీసుకుని, ఏఫోదు (యాజకులు వేసుకునే వస్త్రం లాంటిది) చేయించి సొంత ఊరు ఒఫ్రాలో పెట్టాడు. అది అతనికీ ఇంటివారికీ ఉరిగా మారింది. ఉజ్జియా రాజు కూడా బలపడి స్థిరపడ్డాకే గర్వించి, యాజకులే వేయాల్సిన ధూపం దేవాలయంలో తానే వేయబోయాడు. ఇబ్బందిలో ఉన్నప్పుడు దేవుని మీద ఆనుకోవడం ఏదోలా నేర్చుకుంటాం. అప్పు తీరాక, ప్రమోషన్ వచ్చాక, సంఘం పెరిగి ఏసీ హాలు కట్టాక పొద్దున్న పది నిమిషాలు ఎటు పోతాయో మనకే తెలియదు.

అందుకే భారం తీరినా నోటుబుక్కు మూసేయకండి. కొత్త పేజీ తీసి, ఇప్పుడు సులువుగా నడుస్తున్న పని ఒకటి రాసి, దానికీ అదే గీత గీయండి.

సంఘంలో సాక్ష్యం చెప్పమంటే చెప్పండి. మూడు నిమిషాల్లో ముగించండి, వెనక చంటిపిల్లల తల్లులుంటారు. ఎన్ని రోజులు ఉపవాసమున్నారో చెప్పనక్కర్లేదు. ఏం కష్టం వచ్చింది, మీ వల్ల ఏది కాలేదు, ఎవరు సాయపడ్డారు, ప్రభువు ఏం చేశాడు, ఇంకా ఏది మిగిలే ఉంది, ఈ వరుసలో చెప్పి మైకు తర్వాతివారికి ఇవ్వండి. ‘ఇంకా మిగిలే ఉంది’ అన్న భాగాన్ని దాటేయకండి. ఇంకా జవాబు రాని వాళ్లు ఆ హాల్లో చాలామంది కూర్చుని ఉంటారు.